కారులోని కంప్యూటరు పెట్టె: దాని పరీక్ష, దాని మార్పిడి



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచినది కారులోని ఒక చిన్న పెట్టెను గూర్చి. "మాకు స్పానరు పట్టుట రాదు, ఈ వయస్సున ఆ విద్య మాకేల?" అని మీలో కొందరు అనుకొనవచ్చును. నిజమే, స్పానరు పట్టువాడు వేరు. కాని ఇంటిలో కారు చెడినపుడు "ఇంత ఖర్చగునట, చేయింతుమా?" అని కొడుకో అల్లుడో వచ్చి అడుగునది మిమ్మునే. మీరు సరే యన్నచో సొమ్ము కదలును, ఆగుమన్నచో ఆగును. ఆ మాట చెప్పువారికి సంగతి కొంత తెలిసియుండుట మేలు. ఆ కొంతయే నేడు చెప్పబూనితిని.

అంబాసిడరు, పద్మిని కార్లు నడచిన దినములు మీకు జ్ఞాపకముండును. వానిలో పెట్రోలును గాలితో కలుపుటకు కార్బురేటరను పరికరముండెడిది. నిప్పురవ్వను ఏ క్షణమున పుట్టింపవలయునో డిస్ట్రిబ్యూటరు నిర్ణయించెడిది. రెండును కంటికి కనబడు వస్తువులు. చెడినచో విప్పి, తుడిచి, మరల బిగించెడివారు. చెడిన సంగతి చెవికి వినబడెడిది, ముక్కునకు వాసన తగిలెడిది.

నేటి కారులో ఆ రెండు పనులను, వానితోపాటు మఱి యనేకములను, ఒక్క ఎలెక్ట్రానిక్ పెట్టె చేయుచున్నది. దీని పేరు ఇంజను కంట్రోల్ మాడ్యూల్. పనివారు పొట్టిగా ఈసీఎం అందురు; కొందరు ఈసీయూ అందురు; షెడ్లలో "కంప్యూటరు" అనియే వాడుక. చూచుటకు ఇది ఒక బల్లపరుపు డబ్బా. ఒక ప్రక్క నుండి తీగల మోపులు దీనిలోనికి పోవుచుండును. కొన్ని కార్లలో ఇది బ్యాటరీ చెంత, కొన్నిటిలో డాష్‌బోర్డు క్రింద అమర్పబడియుండును.

ఈ విద్య క్రొత్తది కాదు. 1967 లో జర్మనీ దేశపు బాష్ కంపెనీవారు పెట్రోలును ఎలెక్ట్రానిక్ పద్ధతిని చిమ్ము సాధనమును వోక్సువాగను 1600 కారునందు అమర్చిరి. 1979 లో ఆ కంపెనీవారే పెట్రోలు కొలతను, నిప్పురవ్వ వేళను ఒక్క పెట్టెకు అప్పగించి, మోట్రానిక్ అను పేర బీఎండబ్ల్యూ 732ఐ అను కారులో ప్రవేశపెట్టిరి. మన దేశమున 2000 సంవత్సరము నుండి పొగ నియమములు బిగియుచు వచ్చినందున కార్బురేటరు కార్లనుండి క్రమముగా తొలగిపోయెను. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమము దేశమంతట అమలులోనికి వచ్చినది. కనుక నేడు క్రొత్తగా కొను పెట్రోలు కారులోగాని డీజిలు కారులోగాని ఈ పెట్టె లేకుండుట లేదు.

ఇక ఈ పెట్టె చేయు పని యెట్టిదో చూతము. మన పల్లెలలో 1984 లో రద్దగువఱకు కరణీకమను పదవి యుండెను. కరణముగారు చావడిలో కూర్చుండి లెక్క వ్రాసెడివారు. ఏ చేను పండినదో, ఏ చెఱువునకు గండి పడినదో అన్నియు ఆయనయే పోయి చూడలేరు గదా. తలారియు, నీరటియు తెచ్చిన వార్తను బట్టి లెక్క కట్టి, ఉత్తరువు వ్రాసి పంపెడివారు. వార్త తెచ్చువాడు తప్పు చెప్పినను, దారిలో వాగు పొంగి వాడు రాలేకపోయినను చావడిలోని లెక్క తప్పిపోవును. అది కరణము నేరము కాదు.

కారులోని పెట్టెయు అట్టిదే. తానుగా అది ఏమియు చూడలేదు. క్రాంకు షాఫ్టు ఎంత వేగముగా తిరుగుచున్నదో ఒక సెన్సారు చెప్పును. ఇంజను నీరు ఎంత వేడెక్కినదో మఱియొకటి చెప్పును. లోనికి పోవు గాలి యెంత, పొగలో మిగిలిన ప్రాణవాయువెంత, డ్రైవరు కాలు పెడలును ఎంత నొక్కినది, ఇవి చెప్పుటకు వేర్వేరు సెన్సార్లు గలవు. ఈ వార్తలను సెకనునకు అనేక పర్యాయములు చదివి, పెట్టె లెక్క కట్టి, ఇంజెక్టర్లకు పెట్రోలు చిమ్ముమనియు, కాయిళ్లకు రవ్వ పుట్టింపుమనియు, పంపునకు తిరుగుమనియు ఉత్తరువులిచ్చును. ఈ పని చేయుటకు పెట్టెకు మూడు కావలయును. బ్యాటరీనుండి కరెంటు చక్కగా రావలయును. ఆ కరెంటు తిరిగిపోవుటకు ఎర్తు గట్టిగా నుండవలయును. సెన్సార్లనుండి నిజమైన వార్త రావలయును. ఈ మూడింటిలో ఏది లోపించినను కారు ఆగును. చూచువారికి పెట్టె చెడినట్లే తోచును.

నాకు ఈ సంగతి పుస్తకములవలన తెలియలేదు, నష్టము వలన తెలిసినది. మా పెద్దబావగారు కాలువగట్టు మీది యొక చిన్న గ్రామమున కాపురముండిరి. మా అక్కగారిని వారమునకు రెండుసార్లు పట్టణమునందలి ఆసుపత్రికి కొనిపోవలసి యుండెను. అందుకు వారికున్న ఆధారము పది సంవత్సరముల పాత పెట్రోలు కారొక్కటే. ఒక దినము ఆ కారు నడిదారిలో తటాలున ఆగినది. పావుగంట నిలిపిన పిమ్మట తనంత తానే కదలినది. మఱునాడు మరల ఆగినది. షెడ్డునకు తోలగా, అచ్చటి పనివాడు స్కానరు పెట్టి చూచి, "నాలుగైదు సెన్సార్లు తప్పు చూపుచున్నవి, ఇన్ని ఒక్కసారి చెడవు, కనుక కంప్యూటరే పోయినది" అని తీర్పు చెప్పెను. క్రొత్తదానికి 45,000 రూపాయలు, పాతదానికి 18,000 రూపాయలు అగుననెను. బావగారు నన్ను సలహా యడిగిరి. నేను పట్టణమునందుండువాడను, చదివినవాడను గదా యని నా మాటమీద వారికి గురి. "స్కానరు చెప్పిన తరువాత సందేహమేల, పాతది వేయింపుడు" అంటిని. ధాన్యమమ్మిన సొమ్ములో 18,000 రూపాయలు పోయినవి. ఎనిమిది దినములు కారు బాగుగనే నడచెను. తొమ్మిదవనాడు మా అక్కగారితో సహా మరల దారిలో నిలిచిపోయెను. మిట్టమధ్యాహ్నము, చెట్టు నీడ కూడ లేని చోటు. ఆ దినము ఆసుపత్రి వేళ తప్పినది.

అప్పుడు ఎవరో ఒక వృద్ధ ఎలక్ట్రీషియనును చూపిరి. ఆయన స్కానరు తీయలేదు. ముందుగా చేతిలోనికి తీసికొన్నది రెండు తీగలు కట్టిన ఒక బ్రేకు దీపపు బల్బు, ఒక మల్టీమీటరు. ఇంజనును నడిపించి, హెడ్‌లైట్లు వెలిగించి, మీటరు ఒక కొనను పెట్టెకు పోవు ఎర్తు తీగపైనను, రెండవ కొనను బ్యాటరీ నెగటివు పైనను ఉంచెను. ఎర్తు బాగున్నచో అచ్చట దాదాపు సున్న చూపవలయును, 0.1 వోల్టునకు మించరాదు. అచ్చట 1 వోల్టునకు పైగా చూపెను. తీగ వెంట చేయి పోనిచ్చి, బ్యాటరీ తట్ట క్రింద బాడీకి బిగించిన బోల్టును విప్పెను. దానినిండ ఆకుపచ్చని చిలుము పట్టియుండెను. గరుకు కాగితముతో గీకి, క్రొత్త బోల్టు బిగించెను. ఆ పిమ్మట ఆయన ఒక కోరిక కోరెను: "తీసివేసిన మీ పాత పెట్టె యున్నదా?" ఉన్నదనగా, దానినే మరల బిగించి తాళము త్రిప్పెను. ఇంజను నడచినది. స్కానరులోని తప్పులన్నియు చెరిపివేయగా మరల రాలేదు. దోషి యని మేము వెలివేసిన పెట్టెలో ఏ దోషమును లేదు. ఆ 18,000 రూపాయలు మాత్రము తిరిగి రాలేదు. ఆ తప్పులో పాలు నాది కూడ గనుకనే ఈ మాటలు మీకు చెప్పుచున్నాను.

అనేక సెన్సార్లు ఒక్కసారి తప్పు చూపినపుడు షెడ్డువాడు "ఇన్ని ఒక్కసారి చెడవు" అన్నది సరియైన మాటయే. అందుండి అతడు తీసిన నిర్ణయము తప్పు. అయిదుగురు సాక్షులు ఒకేసారి అబద్ధమాడినచో, వారందరు నడచి వచ్చిన దారి యొక్కటేమో చూడవలయును. ఆ దారి ఎర్తు కావచ్చును, లేక సెన్సార్లకు పంచిపెట్టు 5 వోల్టుల తీగ కావచ్చును.

ఇక పరీక్షించు క్రమమును చెప్పెదను. ఇది ఖరీదు తక్కువగల వస్తువునుండి ఎక్కువగల వస్తువునకు పోవు క్రమము. పెట్టె చిట్టచివర వచ్చును.

మొదటిది, తాళము త్రిప్పి ఇంజను కదలింపకముందు మీటర్ల పలకను చూడవలయును. ఇంజను బొమ్మగల చిన్న దీపము అప్పుడు వెలుగవలయును. ఇంజను నడచిన పిమ్మట ఆరవలయును. తాళము త్రిప్పినను అసలే వెలుగకున్నచో, పెట్టెకు కరెంటుగాని ఎర్తుగాని అందుటలేదేమో యని మొదట అనుమానింపవలయును. ఇది చూచుటకు పనిముట్టు అక్కఱలేదు, కన్ను చాలును.

రెండవది బ్యాటరీ. కారు నిలిచియున్నపుడు చక్కని బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచునపుడు సామాన్యముగా 13.5 మొదలు 14.5 వఱకు చూపును. బలహీనమైన బ్యాటరీతో సెల్ఫు కొట్టినపుడు వోల్టులు పడిపోయి, పెట్టె తెలివితప్పి, లేని తప్పులనెన్నో వ్రాసికొనును. బ్యాటరీ కొనలు వదులుగనున్నను ఇంతే.

మూడవది ఫ్యూజులు, రిలేలు. పెట్టెకు కరెంటు పోవు దారిలో ఫ్యూజును, ముఖ్యమైన రిలేయు నుండును. రిలే విలువ స్వల్పము. దాని పరీక్షయు సులభమే. అదే రకపు మఱియొక రిలే కారులోనే ఉన్నచో, దానిని ఇచ్చట పెట్టి చూడవచ్చును.

నాలుగవది, పెట్టెకు చేరు కరెంటును, ఎర్తును భారము మీద పరీక్షించుట. ఇందులో ఒక రహస్యము కలదు. తీగలోని ఇరువది పోగులలో పందొమ్మిది తెగి ఒక్కటే మిగిలినను మీటరు 12 వోల్టులనే చూపును. ఏలయన మీటరు కరెంటును త్రాగదు. బల్బు త్రాగును. కనుక బ్యాటరీ విప్పి, పెట్టె కప్లరును ఊడదీసి, బ్యాటరీ మరల కలిపి, తాళము త్రిప్పి, తీగల వైపున కరెంటు కొనకును ఎర్తు కొనకును నడుమ 21 వాట్ల బ్రేకు బల్బును తగిలింపవలయును. కొన్ని కార్లలో ముఖ్య రిలేను పెట్టెయే పలికించును. అట్టిచోట ఆ రిలేను వేరుగా కలిపి చూడవలయును. బల్బు నిండుగా వెలిగినచో దారి బాగున్నది. మినుకుమినుకుమన్నచో దోషము తీగలోనో ఎర్తులోనో కలదు. ఈ బల్బును సెన్సారు తీగలకుగాని, పెట్టె పిన్నులకుగాని తగిలింపరాదు; తగిలించినచో బాగున్న పెట్టె కాలిపోవచ్చును. ఎయిరుబ్యాగులకు సంబంధించిన పసుపుపచ్చని కప్లర్ల జోలికి మీటరుతోగాని బల్బుతోగాని పోనేరాదు. అవి ప్రేలినచో మనిషికి గాయమగును.

అయిదవది స్కానరు. స్టీరింగు క్రింద 16 పిన్నుల సాకెట్టొకటి యుండును. అమెరికాలో 1996 నమూనా కార్లనుండి ఇది ఒకే తీరుగా నుండవలయునని నిర్బంధించిరి. మన దేశమున కారు తన రోగమును తానే కనిపెట్టి చెప్పవలయునను నియమము 2010 లో మొదటి మెట్టుగను, 2013 లో రెండవ మెట్టుగను వచ్చినది. స్కానరు చెప్పు సంఖ్య ఒక రోగి "నాకు కడుపులో నొప్పి" అని చెప్పినట్టిది. నొప్పి యెచ్చటనో తెలియును, కారణము తెలియదు. ఉదాహరణమునకు పీ 0118 అనునది ఇంజను నీటి వేడిని చెప్పు సెన్సారు దారిలో వోల్టులు మితిమీరినవని చెప్పును. అది సెన్సారు లోపము కావచ్చును, తీగ తెగుట కావచ్చును, కప్లరు ఊడుట కావచ్చును. పీ 0601, పీ 0606 అను సంఖ్యలు మాత్రము పెట్టె తన లోపలి జ్ఞాపకమునందో, లెక్కకట్టు భాగమునందో తప్పున్నదని తానే ఒప్పుకొనుట. అవి వచ్చినను కరెంటును, ఎర్తును చూచిన పిమ్మటనే నమ్మవలయును.

స్కానరునకు పెట్టె అసలే బదులు చెప్పకపోవుటయు కలదు. బ్రేకులను చూచు పెట్టె మొదలగునవి పలుకుచు, "ఇంజను పెట్టెతో మాట తెగినది" అని చెప్పునపుడు యూ 0100 అను సంఖ్య కనబడును. ఇవన్నియు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు జంట తీగలు గలవు. ఆ పద్ధతిని క్యాన్ అందురు. 1986 లో బాష్ కంపెనీవారు దీనిని ప్రకటించిరి. బ్యాటరీ విప్పి, సాకెట్టులోని 6 వ పిన్నునకును 14 వ పిన్నునకును నడుమ మీటరుతో కొలిచినచో, అనేకములైన కార్లలో సుమారు 60 ఓములు చూపును. 120 చూపినచో ఒక ప్రక్క తెగినదని అర్థము. సున్న చూపినచో రెండు తీగలు ఒకదానికొకటి తగులుచున్నవని అర్థము. కొన్ని క్రొత్త కార్లలో ఈ అమరిక వేరుగా నుండును గనుక ఆ కారు పటమును చూచి కొలుచుట మంచిది.

ఆఱవది 5 వోల్టుల తీగ. పెట్టె తన సెన్సార్లలో చాలవానికి 5 వోల్టులను పంచిపెట్టును. ఒక్క సెన్సారు లోపల తీగలు తగులుకొన్నచో ఆ 5 వోల్టులు నేలపాలై, తక్కినవన్నియు మూగవోవును. ఒక్కొక్కసారి పెట్టెయే చచ్చినట్లు కనబడును. అప్పుడు సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటిగా ఊడదీయుచు మీటరును చూడవలయును. ఏది తీసినపుడు 5 వోల్టులు తిరిగి వచ్చునో ఆ సెన్సారే దోషి. ఇట్లు కొన్ని వందల రూపాయల సెన్సారు, వేల రూపాయల పెట్టెమీద నేరము మోపుట షెడ్లలో తఱచు జరుగుచున్నది.

ఏడవది తీగల మోపు. పల్లెలలో నిలిపియుంచు కార్లకు ఎలుకల బాధ మీరెఱిగినదే. ఇంజను వెచ్చదనమునకు చేరి, రాత్రికి రాత్రి తీగల పైతొడుగును కొఱికివేయును. పెట్టె కప్లరులో నీరుగాని, చిలుముగాని యున్నదేమో, పిన్నులు వంగినవేమో వెలుతురులో చూడవలయును.

ఈ యేడు పరీక్షలును నెగ్గిన పిమ్మట గాని పెట్టెను అనుమానింపరాదు. నెగ్గినచో అనుమానింపనే వలయును; ఏలయన పెట్టె చెడనే చెడదని నేననుట లేదు. మా యెఱుకలోని మఱియొక కారు కథ వినుడు. ఆ యజమాని కారు వెనుక ఇనుప కొక్కెము అతికించుటకై వెల్డింగు చేయించెను. బ్యాటరీ విప్పవలయునని ఎవరును చెప్పలేదు. మఱునాడు సెల్ఫు తిరుగుచున్నది గాని ఇంజను అందుకొనలేదు. ఇంజను బొమ్మ దీపము వెలుగలేదు. స్కానరునకు తక్కిన పెట్టెలు పలికినవి, ఇది పలుకలేదు. బల్బు పరీక్షలో కరెంటును, ఎర్తును నిండుగా నున్నవి. జంట తీగలు బాగున్నవి. సెన్సార్లన్నిటిని ఊడదీసినను 5 వోల్టులు రాలేదు. తిండి యున్నది, దారి యున్నది, బరువు తీసివేసితిమి, అయినను పెట్టె నోరు విప్పలేదు. ఇది నిజమైన చావు. మూత తెఱచి చూడగా లోపలి పలకమీద ఒకచోట నల్లగా మాడియుండెను. అచ్చట క్రొత్త పెట్టె కొనుమని చెప్పుటకు నేను సందేహింపలేదు.

పెట్టె నిజముగా చెడినదని తేలినపుడు మొదటి ప్రశ్న "ఎంత?" అని గాక "ఎందుచేత?" అని అడుగవలయును. లోపల తీగలు కలిసిపోయిన కాయిలో, ఇంజెక్టరో పెట్టెలోని భాగమును కాల్చియుండవచ్చును. దానిని మార్పక క్రొత్త పెట్టెను బిగించినచో, అదియు మొదటిదాని దారినే పోవును. నీరు చేరిన దారిని మూయక క్రొత్తది పెట్టుటయు అట్టిదే.

పిమ్మట మూడు మార్గములు గలవు. ఒకటి, పాత పెట్టెను ఆ పని తెలిసినవానిచేత బాగుచేయించుట. ఊడిన అతుకులు, కాలిన భాగములు కొన్ని మార్పదగినవి. రెండవది, అదే రకపు కారునుండి తీసిన పాత పెట్టెను కొనుట. మూడవది, కంపెనీ క్రొత్తపెట్టె. ఏ మార్గమైనను పెట్టెమీది భాగపు సంఖ్య అక్షరాక్షరము సరిపోవలయును. చూచుటకు ఒకే తీరుగనుండి లోపలి లెక్కలు వేరుగా నుండు పెట్టెలు అనేకములు కలవు.

సంఖ్య సరిపోయినంత మాత్రమున పని తీరలేదు. క్రొత్త పెట్టె ఊరికి వచ్చిన క్రొత్త ఉద్యోగి వంటిది. ఈ ఊరి లెక్కలు దానికి నేర్పవలయును. కారు ఛాసిస్ సంఖ్యను దానిలో వ్రాయవలయును. దొంగతనము జరుగకుండ తాళపుచెవిని గుర్తుపట్టు ఇమ్మొబిలైజరను ఏర్పాటుతో దానికి పరిచయము చేయవలయును. లేనిచో ఇంజను కదలదు, కదలినను వెంటనే ఆగును. కామన్ రెయిల్ డీజిలు కార్లలో అనేకములందు ఒక్కొక్క ఇంజెక్టరుమీద ఒక సంకేతము ముద్రింపబడియుండును; ఆ సంకేతములను ఏ సిలిండరునకు ఏదో చూచి ఎక్కింపవలయును, లేనిచో పొగయు, కుదుపును వచ్చును. ఈ లెక్కలెక్కించునపుడు బ్యాటరీకి చార్జరు తగిలించి వోల్టులు పడిపోకుండ కాపాడవలయును. నడుమ కరెంటు పోయినచో క్రొత్త పెట్టెయే పనికిరాకుండ పోవచ్చును. కనుక కంపెనీ సాధనములు, చార్జరు లేని చోట ఈ పని చేయింపకుడు.

బిగించు పనిలో జాగ్రత్తలు కొలదియే. తాళము తీసి, కొన్ని నిమిషములాగి, బ్యాటరీ నెగటివు తీగను విప్పవలయును. పెట్టె పిన్నులను చేతితో తాకరాదు. మన ఒంటిమీది స్వల్పమైన విద్యుత్తు కూడ వానికి హాని చేయును. కప్లరును లాగి పీకక, దాని పట్టీని విడిపించి తీయవలయును. పని ముగిసిన పిమ్మట పాత తప్పులను చెరిపి, కారును కొంతదూరము నడిపి, మరల స్కానరుతో చూడవలయును. తీసిన పాత పెట్టెను ఇంటికి తెచ్చుకొనుడు. మా బావగారి పెట్టెను ఆనాడు షెడ్డులో విడిచిపెట్టియున్నచో, దాని నిర్దోషిత్వము ఎన్నటికిని తెలియకపోయెడిది.

పెట్టె చెడకుండ కాపాడుకొను మార్గములును కొన్ని గలవు. కారుమీద వెల్డింగు చేయునపుడు బ్యాటరీ విప్పింపుడు. పెట్టె దగ్గరనే పని జరుగునపుడు దాని కప్లరును కూడ తీయింపుడు. మఱియొక బండినుండి కరెంటు తెచ్చుకొనునపుడు పాజిటివు నెగటివులు తారుమారు కాకుండ ఇద్దరు చూడుడు. ఇంజను గదిలోనికి నీటిగొట్టమును బలముగా కొట్టింపకుడు. వరదలో మునిగిన కారును నీరు తీసిన వెంటనే తాళము త్రిప్పి చూచుట పెద్ద పొరపాటు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు నీట మునిగినపుడు ఎన్నో కార్లు నీటిలో నిలిచినవి. అట్టి కారునకు మొదట బ్యాటరీ విప్పవలయును, పిమ్మట బీమావారికి తెలుపవలయును, పెట్టెయు కప్లర్లును ఆరిన తరువాతనే కరెంటు నీయవలయును. తడిసిన పెట్టె కొన్నిసార్లు ఆరబెట్టినచో బ్రతుకును. తడిగా నుండగా కరెంటిచ్చినచో కాలును.

పెద్దలారా, ఇంతయు జ్ఞాపకముండకపోయినను నష్టము లేదు. మీ యింటిలో ఎవరైన వచ్చి "కారు కంప్యూటరు పోయినదట, ఇన్ని వేలగునట" అని చెప్పినపుడు నాలుగు ప్రశ్నలు మాత్రము అడుగుడు. కరెంటును, ఎర్తును బల్బు పెట్టి చూచినారా? 5 వోల్టుల తీగను, సెన్సార్లను విడదీసి చూచినారా? చెడినదన్నచో ఎందుచేత చెడినదో చెప్పగలరా? క్రొత్తది పెట్టిన పిమ్మట పాతదానిని ఇంటికిత్తురా? పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు, సంతోషించును. బదులు చెప్పలేనివానికి, సొమ్ము తీయుటకు ముందు మఱియొకనికి చూపింతుమని మర్యాదగా చెప్పుడు.

మా అక్కగారు ఆ పిమ్మట ఎన్నో పర్యాయములు ఆ కారులోనే ఆసుపత్రికి పోయి వచ్చిరి. కారు మరల దారిలో ఆగలేదు. బావగారు మాత్రము నేను కనబడినప్పుడెల్ల, "ఏమోయ్, ముందు ఎర్తు చూచితివా?" అని అడుగుచుందురు. అది పరిహాసమైనను, నాకు అంతకంటె మంచి పాఠము ఎవరును చెప్పలేదు.